జీటీఎక్స్ 1060, ఆర్‌ఎక్స్ 580: సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనాలో మీ సిస్టమ్ మీదే తేల్చుకునే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు చుట్టుపక్కల తక్కువ డబ్బుతో గేమింగ్ సిస్టమ్ కట్టుకోవాలంటే మాట చివరికి ఈ రెండు గ్రాఫిక్స్ కార్డుల దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఎన్విడియా జీటీఎక్స్ 1060 6 జీబీ 2016 జూలైలో, ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 8 జీబీ 2017 ఏప్రిల్‌లో వచ్చాయి. 1080పీలో (1920×1080 చుక్కల తెర మీద) ఆడేవాళ్లకు రెండూ ఇప్పటికీ పనికొస్తాయి. ఒక గేములో ఇది సెకనుకు నాలుగు ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) ఎక్కువిస్తే ఇంకో గేములో అది ఆరు ఎక్కువిస్తుంది. అందుకే పేరు చూసి ఎంచుకోవడంలో అర్థం లేదు. మీ ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె), మీ ప్రాసెసర్, మీ మానిటర్, ఎదురుగా ఉన్న ఆ ఒక్క కార్డు పరిస్థితి, ఈ నాలుగే తేలుస్తాయి. ఆ తేల్చే పనిని వరసగా చూద్దాం.

1. కాగితం మీద తేడాలు

జీటీఎక్స్ 1060 6 జీబీలో 1280 కోర్లు, 192 బిట్ మెమరీ బస్సు (మెమరీకి వెళ్లే దారి వెడల్పు), సెకనుకు 192 జీబీ బ్యాండ్‌విడ్త్ (ఆ దారిలో సాగే డేటా) ఉంటాయి. కంపెనీ చెప్పిన వాడకం 120 వాట్లు. అసలు డిజైన్‌కు ఒక 6 పిన్ కరెంటు కనెక్టర్ చాలు, కానీ కొన్ని బ్రాండ్లు 8 పిన్ పెట్టాయి.

ఆర్‌ఎక్స్ 580 8 జీబీలో 2304 కోర్లు, 256 బిట్ బస్సు, 256 జీబీ బ్యాండ్‌విడ్త్ ఉంటాయి. వాడకం 185 వాట్లు. మామూలుగా ఒక 8 పిన్ ఉంటుంది, పెద్ద మోడళ్లలో దానికి తోడు ఇంకో 6 పిన్ కూడా.

1280 కంటే 2304 ఎక్కువ కదా అని లెక్కేయకండి. రెండు కంపెనీల కోర్లు ఒకే రకం పని చేయవు, ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఒకే కంపెనీ కార్డుల మధ్య మాత్రం కోర్ల లెక్కకు విలువ ఉంది, ఎందుకో మూడో మెట్టులో వస్తుంది.

1060 3 జీబీ జోలికి వెళ్లొద్దు. అందులో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా 1152కి తగ్గాయి. 580 4 జీబీ అంత అన్యాయం కాదు గానీ, రెండు మూడొందల తేడాకు 8 జీబీ వదులుకోకండి.

2. ముందు ఇంట్లో సిస్టమ్ చూసుకోండి

కార్డు వెతకడానికి ముందే క్యాబినెట్ పక్క డోరు తీసి ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన లేబుల్ చదవండి. మొత్తం వాట్లు కాదు, 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లో చూడండి. ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. 450 వాట్లని పెద్దక్షరాలతో రాసి, 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే అది 216 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కిందే లెక్క. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ మోసం ఎక్కువ. 1060కి మంచి 400 వాట్లది, 580కి మంచి 500 వాట్లది ఉండాలి.

ఆఫీసుల నుంచి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొని అందులో కార్డు పెట్టాలనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. వాటి ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా 300 వాట్ల లోపే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు పిన్ను ఉండదు, కొన్నింటిలో మదర్‌బోర్డు కనెక్టర్ కూడా మామూలు 24 పిన్ కాదు. అప్పుడు షాపులో సాటా వైరు (హార్డ్‌డిస్క్‌కు కరెంటిచ్చేది) నుంచి 6 పిన్‌కు మార్చే చిన్న తీగ చేతిలో పెడతారు. అది వాడొద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లే, 6 పిన్ అడిగేది 75. గేము మొదలైన పావుగంటకు ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఆ తర్వాత మాడు వాసన వస్తుంది. ఇలాంటి చిన్న క్యాబినెట్లో 580 పెట్టే ఆలోచనే వదిలేయండి. 1060 పెట్టాలన్నా ఎస్‌ఎంపీఎస్ మార్చడం కుదురుతుందో లేదో ముందు చూసుకోండి. కార్డు పొడవు కూడా కొలవాలి. మూడు ఫ్యాన్ల 580 చిన్న క్యాబినెట్లో హార్డ్‌డిస్క్ అరకు తగులుతుంది.

ఇక యూపీఎస్. చాలా ఇళ్లలో ఉండేది 600 వీఏ, అంటే 360 వాట్లు. 65 వాట్ల ప్రాసెసర్, మిగతావాటికి 40 వాట్లు, 1060కి 120, కలిపితే 225. ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది, మానిటర్ కలుపుకుంటే గోడ దగ్గర సుమారు 290 వాట్లు. అదే 580తో 360 దాటుతుంది. కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. గేము మధ్యలో కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కీచుమని అరిచి, సిస్టమ్ ఠక్కున ఆగిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి. లేకపోతే మారే ఆ కాస్త వ్యవధికే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

మానిటర్ దగ్గర ఒక్క జాగ్రత్త. ఈ రెండు కార్డుల్లోనూ పాత నీలం రంగు వీజీఏ సాకెట్ లేదు, వీటి డీవీఐ నుంచి కూడా వీజీఏ సంకేతం రాదు. ఐదారు వందలు మిగిలాయనుకునేలోపు డిజిటల్ సంకేతాన్ని వీజీఏకు మార్చే యాక్టివ్ కన్వర్టర్ కొనాల్సి వస్తుంది. ఫ్రీసింక్ (కార్డు ఇచ్చే ఫ్రేములకు తగ్గట్టు తెర వేగం మార్చుకునే) మానిటర్ ఉంటే 580 హెచ్‌డీఎంఐ ద్వారా, డిస్‌ప్లేపోర్ట్ ద్వారా కూడా దాన్ని వాడుకుంటుంది. 1060 మాత్రం డిస్‌ప్లేపోర్ట్ ద్వారానే, అదీ 2019 జనవరి తర్వాతి డ్రైవర్లతోనే.

3. పేరు ఒకటి, లోపల ఇంకొకటి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి ఈ మెట్టు నిదానంగా చదవండి.

ఆర్‌ఎక్స్ 580 పేరుతో రెండు కార్డులు ఉన్నాయి. ఒకటి 2304 కోర్ల అసలైన 580. రెండోది 2018లో చైనా మార్కెట్ కోసం తెచ్చిన 2048 కోర్ల కార్డు. అది పేరుకు 580, లోపల ఆర్‌ఎక్స్ 570. ఆన్‌లైన్‌లో కొత్త డబ్బాలో, తెలియని బ్రాండు పేరుతో, నమ్మలేనంత చవకగా దొరికే 580లు దాదాపు ఇవే. అది చెడ్డ కార్డేమీ కాదు. 570 ధరకు 570 అని తెలిసి కొనుక్కుంటే హాయిగా నడుస్తుంది. 580 ధర పెట్టి కొనడమే తప్పు.

జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి, ఇన్‌స్టాల్ చేయకుండానే తెరుచుకుంటుంది. అందులో చూడాల్సినవి ఇవి:

- షేడర్ల (అంటే కోర్ల) గడి: అసలు 580కి 2304, చైనా రకానికి 2048. 1060 6 జీబీకి 1280.
- డివైస్ ఐడీ: అసలు 580కి 67డీఎఫ్, 2048 రకానికి 6ఎఫ్‌డీఎఫ్. 1060 6 జీబీకి 1సీ03, 3 జీబీకి 1సీ02.
- మెమరీ వేగం: రెండింటికీ 2000 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి.
- బస్సు వెడల్పు: 580కి 256, 1060కి 192 బిట్.

డివైస్ ఐడీ ఒక్కదాన్నే నమ్మకండి, ఆర్‌ఎక్స్ 470, 480, 570లకు కూడా 67డీఎఫ్ అనే వస్తుంది. షేడర్ల సంఖ్యతో కలిపి చూడాలి. 1060 విషయంలో ఇంకో రకం మోసం ఉంది. 2010 నాటి జీటీఎస్ 450 లాంటి కార్డు బయోస్ (కార్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి 1060 అని స్టిక్కర్ అంటిస్తారు. జీపీయూ-జెడ్ కొత్త వెర్షన్ ఇలాంటివి పసిగట్టి పేరు ముందే నకిలీ అని చూపిస్తుంది. కార్డు వెనక వీజీఏ సాకెట్ కనిపిస్తే ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు, అది 1060 కాదు.

580 అడుగుతున్నారంటే మైనింగ్ (కార్డులను రాత్రింబవళ్లు నడిపి క్రిప్టో నాణేలు సంపాదించడం) సంగతి కూడా తెలిసి ఉండాలి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక ఈ కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్‌లో నడిచినంత మాత్రాన కార్డు పాడైనట్టు కాదు. అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి చిప్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్టు, థర్మల్ ప్యాడ్లు. ఇబ్బంది పెట్టేది మార్చేసిన బయోస్. లక్షణాలు ఇలా ఉంటాయి: డ్రైవర్ వేసినా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పోదు, కోర్ వేగం 1100 దగ్గరే ఆగిపోతుంది, మెమరీ మాత్రం 2000 దాటి ఉంటుంది. కొన్ని మోడళ్లకు అంచున రెండు బయోస్‌ల మీట ఉంటుంది. సిస్టమ్ ఆపి మీట రెండో వైపుకు జరిపి చూడండి, ఒక్కోసారి అంతటితో సరిపోతుంది. లేకపోతే అసలు బయోస్ మళ్లీ ఎక్కించాలి. ముందు ఉన్నదాన్ని జీపీయూ-జెడ్‌తో దాచుకోండి. ఎక్కించే బయోస్ అదే బ్రాండు, అదే మోడల్, అదే మెమరీ కంపెనీది కావాలి. సామ్‌సంగ్ మెమరీ ఉన్న కార్డుకు హైనిక్స్ బయోస్ వేస్తే తెర నిండా గళ్లు పడతాయి.

4. అమ్మేవాళ్ల దగ్గర ఇరవై నిమిషాలు

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసేవాళ్లైనా, ట్రంక్ రోడ్డు పక్కన ఎవరి ఇంట్లోనో చూసేవాళ్లైనా, సిస్టమ్‌లో పెట్టి చూపించకపోతే బేరం మొదలుపెట్టొద్దు.

ముందు చేతిలోకి తీసుకోండి. ఫ్యాన్‌ను వేలితో మెల్లగా తిప్పితే గరగర లేకుండా తిరగాలి, రెక్కను పైకీ కిందికీ కదిపితే ఊగకూడదు. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. అది తప్పు కాదు, ఎందుకు విప్పారో అడగండి. సముద్రం దగ్గర ఊళ్లలో వాడిన కార్డుల్లో వెనక ఇనప పట్టీ, పోర్టుల అంచులు తుప్పు పడతాయి. పైపై తుప్పు పరవాలేదు. కానీ పచ్చటి చిలుము బోర్డు మీద చిన్న భాగాల కాళ్ల దగ్గర కనిపిస్తే కార్డు వెనక్కి ఇచ్చేయండి. చిప్ చుట్టూ జిగురులాగా, గోధుమ రంగు మరకలాగా ఉంటే వేడిగాలి కొట్టి రిపేర్ చేసిన కార్డని అనుమానించాలి. అలాంటివి వారమో నెలో నడిచి మళ్లీ పోతాయి.

తర్వాత సిస్టమ్‌లో పెట్టి ఆన్ చేసి, ముందు మదర్‌బోర్డు బయోస్ తెరలోనే ఒక నిమిషం ఆపండి. డ్రైవర్ లేని ఆ తెరలోనే చుక్కలు, గీతలు కనిపిస్తే లోపం కార్డులోనే ఉంది, డ్రైవర్ మార్చితే పోతుందనే మాట వినొద్దు. విండోస్‌లోకి వచ్చాక యూనిజిన్ హెవెన్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌ను 1080పీలో పదిహేను నిమిషాలు నడపండి. పక్కన వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచండి. మొదటి మూడు నిమిషాల వేడి చూసి సంతృప్తి పడకండి, పది నిమిషాల తర్వాతి అంకె చూడాలి. 1060 83 డిగ్రీల దగ్గరకు వస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. 580 గదిలో ఏసీ లేకుండా 80 లోపు ఉంటే బాగున్నట్టే. చివరగా ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో కార్డు మెమరీ పరీక్ష ఐదు నిమిషాలు పెట్టండి. ఒక్క తప్పు చూపించినా కొనొద్దు. బయల్దేరే ముందు వైరు మార్చి అన్ని పోర్టులూ ఒక్కోటి చూడండి.

5. రెండూ దొరికితే సరిగ్గా పోల్చడం

స్నేహితుడి దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంటే ఇంతకు మించిన అవకాశం లేదు. పోలిక తప్పేది చాలావరకు పద్ధతి వల్లే.

ఒకే సిస్టమ్ వాడండి. ర్యామ్ రెండు స్టిక్కులుగా, మదర్‌బోర్డు చెప్పిన గుంతల్లోనే ఉండాలి. ఒక్క స్టిక్కుతో ప్రాసెసరే అడ్డుపడి రెండు కార్డులూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి కార్డు పరీక్ష అయ్యాక నెట్ వైరు తీసేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ పూర్తిగా తుడిచేయండి. ఆ తర్వాతే కార్డు మార్చాలి. నెట్ ఉంచితే విండోస్ తన ఇష్టం వచ్చిన పాత డ్రైవర్ వేసేసుకుంటుంది. ఎన్విడియా కార్డు ఉన్న సిస్టమ్‌లోకి ఏఎండీ కార్డు నేరుగా దింపి, ఫ్రేములు తగ్గాయని కార్డును తిట్టడం న్యాయం కాదు.

గేములో 1080పీ, వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆఫ్, ఒకే ప్రీసెట్. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో వచ్చే రివాట్యూనర్ తెర మీద అంకెలు చూపిస్తుంది. సగటు ఫ్రేములతో పాటు ‘1 శాతం లో’ (1% low, అంటే అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) కూడా రాసుకోండి. ఆడేటప్పుడు చేతికి తగిలే కుదుపు సగటులో కనిపించదు, ఈ రెండో అంకెలోనే ఉంటుంది. ఒక్కో గేమును నాలుగుసార్లు నడిపి మొదటిదాన్ని వదిలేయండి, అందులో షేడర్లు తయారయ్యే కుదుపులు కలిసిపోతాయి. మిగతా మూడింటి సగటు తీయండి.

గది వేడి కూడా ఒక్కటే కావాలి. మే నెలలో ఒక కార్డును తెల్లవారుజామున, ఇంకోదాన్ని మధ్యాహ్నం రెండింటికి పరీక్షిస్తే రోహిణి కార్తె ఎండే గెలుస్తుంది, కార్డు కాదు. ఒకే పూట రెండూ ముగించండి.

ఏ గేములు? మీరు ఆడేవే. వాటిలో కనీసం ఒకటి డైరెక్ట్ఎక్స్ 11ది, ఒకటి డైరెక్ట్ఎక్స్ 12 లేదా వల్కన్‌ది (గేము కార్డుతో బొమ్మ గీయించే పద్ధతుల పేర్లివి) ఉండాలి. మొదటి రకంలో 1060, రెండో రకంలో 580 ముందుండడం వీటి పాత అలవాటు. నాలుగో తరం ఐ5 లాంటి పాత ప్రాసెసర్‌తో డైరెక్ట్ఎక్స్ 11 గేముల్లో 580 ఇంకాస్త వెనకపడుతుంది, ఎందుకంటే ఏఎండీ డ్రైవర్ ఆ పనిలో ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. 2022లో వచ్చిన డ్రైవర్లు ఓపెన్‌జీఎల్‌ను (ఇదీ అలాంటి ఇంకో పద్ధతే) బాగా మెరుగుపరిచాయి. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ మీద ఆడేవాళ్లు 580తో 2022కు ముందటి డ్రైవర్ అస్సలు వాడొద్దు. వాలరెంట్‌తో మాత్రం ఏమీ తేలదు, అక్కడ ఫ్రేములు ప్రాసెసర్ చేతిలో ఉంటాయి.

టెక్స్చర్లు హైలో పెట్టాలంటే 8 జీబీ ఉన్న 580 ఊపిరి పీల్చుకుంటుంది. 6 జీబీ నిండిపోయినప్పుడు 1060లో సగటు పెద్దగా పడదు, 1 శాతం లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆ రెండు అంకెల మధ్య దూరం పెరిగితే టెక్స్చర్లు ఒక మెట్టు దించండి.

6. డబ్బు లెక్క

లెక్క అర్థం కావడానికి ఊహా అంకెలు తీసుకుందాం. 1060 ధర 6,500, సగటు 58 ఫ్రేములు, 1 శాతం లో 44. 580 ధర 6,000, సగటు 62, లో 42. ధరను సగటుతో భాగిస్తే ఫ్రేముకు 1060కి 112 రూపాయలు, 580కి 97. అదే లో అంకెతో భాగిస్తే 148, 143, అంటే దాదాపు సమానం. ఇప్పుడు 580 కోసం 3,000 పెట్టి ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సి వస్తే దాని అసలు ధర 9,000. ఫ్రేముకు 145 అవుతుంది, లెక్క తిరగబడింది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఎలాగూ కొనాలనుకుంటే ఆ డబ్బు 580 ఖాతాలో వేయకండి.

కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు. తేడా 70 వాట్లు అనుకుని రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 6.3 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల చొప్పున 38 రూపాయలు, ఏడాదికి 450. ఏసీ, ఫ్రిజ్ వల్ల బిల్లు పై స్లాబు అంచున ఉన్న ఇంట్లో అయితే ఇంకొంచెం ఎక్కువ తగులుతుంది.

60 హెర్ట్జ్ మానిటర్ మీద 75 ఫ్రేములకు డబ్బు పెట్టడం దండగ. ఆ లెక్కలో 60 పైన ఉన్న అంకెను 60గానే వేసుకోండి.

7. గేముకు బయట

పెళ్లి వీడియోల ఎడిటింగ్, బ్లెండర్‌లో 3డీ బొమ్మల పనులు కూడా అదే సిస్టమ్ మీద చేస్తే 1060 వైపే వెళ్లండి. దానికి క్యూడా (ఇలాంటి పనులను కార్డు మీద నడిపే ఎన్విడియా వ్యవస్థ) ఉంది. బ్లెండర్ 3.0 నుంచి 580 మీద సైకిల్స్ రెండరింగ్ (తుది బొమ్మ తయారీ) జరగదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. గేము ఆడుతూ లైవ్ ఇచ్చేవాళ్లకు కూడా 1060 ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) ఇచ్చే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. లైనక్స్ వాడేవాళ్లకు మాత్రం 580 ఎంతో సుఖం, డ్రైవర్ సిస్టమ్‌తోనే వస్తుంది.

రెండింటికీ వయసైంది. ఏఎండీ 2023 చివర్లో ఈ తరం కార్డులను వేరే డ్రైవర్ శాఖలోకి పంపి అప్‌డేట్లు తగ్గించేసింది. ఎన్విడియా 2025 అక్టోబరుతో ఈ తరానికి కొత్త గేముల డ్రైవర్లు ఆపేసి, భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామంది. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాలను లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) తప్పనిసరి చేసిన ఇండియానా జోన్స్, డూమ్ ద డార్క్ ఏజెస్ లాంటి గేములు రెండింటి మీదా నడవవు. సైబర్‌పంక్ 2077 ఇప్పుడు కనీసంగా అడిగేది సరిగ్గా ఈ రెండు కార్డులనే. చిన్న బొమ్మను సాగదీసి ఫ్రేములు పెంచే పద్ధతుల్లో ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ 1060కి లేదు, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ రెండింటి మీదా పనిచేస్తుంది.

8. కొన్నాక మొదటి ఆదివారం

పేస్టు మార్చండి. కార్డు వెనక చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగ్ స్క్రూలను ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఫ్యాన్ వైరు తీసేదాకా కూలర్‌ను గట్టిగా లాగొద్దు, బోర్డు మీది చిన్న సాకెట్ ఊడి వస్తుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ మీద బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. థర్మల్ ప్యాడ్లు చిరిగితేనే మార్చండి. మందం మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి పాతదాన్ని నొక్కుడు పడని చోట కొలవాలి. మందం ఎక్కువైతే కూలర్ చిప్‌ను తాకదు, పేస్టు మార్చాక వేడి ఇంకా పెరిగిందంటే కారణం తొంభై పాళ్లు అదే. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి.

580కి తర్వాతి పని వోల్టేజ్ తగ్గించడం. రేడియాన్ సాఫ్ట్‌వేర్ ట్యూనింగ్‌లో అన్నిటికంటే పై స్థాయి వోల్టేజ్ సాధారణంగా 1150 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. 25 చొప్పున దించుతూ ప్రతిసారీ అరగంట గేము ఆడండి. తెర నల్లబడినా గేము మూసుకుపోయినా ఒక మెట్టు పైకి వచ్చి అక్కడ ఆగండి. చాలా కార్డులు 1075 దగ్గర నిలబడతాయి, వేగం తగ్గకుండానే వేడి, ఫ్యాన్ రొద తగ్గుతాయి. 1060కి అంత శ్రమ అక్కర్లేదు, ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి దించితే వేసవికి చాలు.

పై మెట్లన్నీ దాటాక మా మాట: ప్రాసెసర్ మరీ పాతది కాకుండా, 500 వాట్ల నిజమైన ఎస్‌ఎంపీఎస్ ఉంటే 2304 కోర్ల 580 8 జీబీ తీసుకోండి. ఆఫీసు డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ5, 600 వీఏ యూపీఎస్ ఉన్న ఇంటికి 1060 6 జీబీయే సరి, అయిదు వందలు ఎక్కువైనా సరే.